వరద వదిలిన గోడ

మా అత్తగారు ఈ ఆషాఢంలో పోయారు. పొద్దున్నే గుండెల్లో మంటగా ఉందన్నారు. ఆసుపత్రికని పడవ ఎక్కించి ఏరు దాటించేలోపే నా ఒళ్ళో తల పెట్టుకుని వెళ్ళిపోయారు. అవతలి ఒడ్డున మా కోసం పిలిపించిన ఆటో ఆగి ఉంది. అది ఎక్కే పని లేకుండానే పడవ వెనక్కి తిప్పారు.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటాయి, రాత కూడా కోడి గెలికినట్టు ఉంటుంది, మన్నించండి. నలుగురిలో నోరు తెరవలేను కాబట్టి కాగితం మీద రాసి మీ పత్రికకి పంపుతున్నాను. మా అత్తగారు బొమ్మలు వేసేవారు. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకి, పక్కింటివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

మాది గోదావరి పాయల మధ్య ఉన్న లంక. వరద వస్తే గేదెల్ని తోలుకుని ఏటిగట్టు మీదికి పోతాం. నీళ్ళు తీశాక వచ్చి బురద ఎత్తిపోసుకుని, గోడలకి పట్టిన ఎర్ర మరకలు పోయేలా సున్నం వేసుకుంటాం. పెళ్ళయిన ఏడు నేను ఆషాఢం పుట్టింట్లో గడిపి శ్రావణంలో కాపురానికి వచ్చాను. వచ్చిన కొన్నాళ్ళకే వరద. కొత్త కోడల్ని కదా, మంచి అనిపించుకోవాలని సున్నం బకెట్టు పట్టుకుని వెనక వసారా గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఆగవే అమ్మాయ్! ఆ గోడ ముట్టుకోకు. నేనింకా చూడలేదు" అని అత్తగారు లోపలినుంచి పరుగున వచ్చారు.

ఏం చూడాలో నాకు అర్థం కాలేదు. బురద మరక తప్ప అక్కడేమీ లేదు. ఆవిడ మాత్రం పీట వేసుకుని, ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుని, ఈనెలు తీస్తూ ఆ మరక వంకే చూస్తూ కూర్చున్నారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

పక్కింటి పిన్నిగారు దడి మీంచి తొంగిచూసి, "మీ అత్తకి వరదొస్తే కొత్త సినిమా వచ్చినట్టేనే. టిక్కెట్టు కూడా అక్కర్లేదు" అని నవ్వారు.

మావయ్యగారు కూడా, "ఆ గోడతో కబుర్లయ్యాక నాకింత అన్నం పెట్టమను" అనేవారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చి, మరక అంచు వెంట ఒక గీత గీశారు. తర్వాత ఇంకొకటి. నా కళ్ళ ముందే ఆ మరకలోంచి ఒక గేదె మూతి పైకెత్తి ఈదుకుంటూ వచ్చేసింది. అన్నాళ్ళూ అది అక్కడే ఉందన్నట్టు, నాకే కనపడలేదన్నట్టు. ఒండ్రు మట్టిలో తుమ్మజిగురు కలిపి దాని ఒంటికి రంగు వేశారు. చిక్కుడాకు పసరుతో గట్టు మీద పచ్చిక వేశారు. కంటికి మాత్రం చిటికెన వేలితో సున్నం చుక్క పెట్టారు.

"అన్ని రోజులు ఎందుకు కూర్చున్నారు అత్తయ్యగారూ?" అని మెల్లగా అడిగాను.

"పాలు తోడు పెట్టాక ఏం చేస్తాం? కదపం కదా. గోడా అంతేనే. తోడుకునేదాకా ముట్టుకోకూడదు."

"మరి చెయ్యి ఊరుకోదు కదండీ?"

"చెయ్యి దురదపెడితే వాకిట్లో ముగ్గెయ్యి. గోడ మీదికి మాత్రం రాకు."

ప్రతి ఏడూ బొమ్మ అలా సులువుగా వచ్చేది కాదు. ఒకసారి నావ అనుకుని మొదలుపెట్టినది ఎంత దిద్దినా కుదరలేదు. మావయ్యగారు చూసి, "బాగుందే, ఈ వంకాయ గుత్తి కూరకా, పులుసుకా?" అన్నారు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, తడిగుడ్డతో ఆ గీతలన్నీ తుడిచేశారు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాటి నుంచి గోడకి వీపు పెట్టి గిన్నెలు తోముతూ, మధ్యమధ్యలో ఓరగా దాని వంక చూసేవారు.

"అదేంటండీ, దొంగచూపు?" అన్నాను.

"ఎదురుగా చూస్తే సిగ్గుపడుద్దే, నీలాగే. మనం పట్టించుకోనట్టు ఉంటే అదే వస్తాది."

నా గురించి అలా ఎవరూ ఆలోచించలేదు. అప్పుడు తెలిసింది, నన్ను కూడా ఆవిడ అలాగే రానిచ్చారని. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒక్క మాటా అడక్కుండా, నా పక్కన కూర్చుని కూరలు తరుక్కునేవారు, అంతే.

వేసినదాన్ని మళ్ళీ ఏడు వరద చెరిపేసేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆవిడ మాత్రం, "గోదారమ్మ పలకే అది. తుడవకపోతే కొత్తది ఎక్కడ రాసుకుంటాం?" అనేవారు.

ఒక ఏడు నా కడుపు నిలవలేదు. మూడో నెలలో పోయింది. చూడవచ్చిన వాళ్ళందరూ ఏదో ఒకటి అన్నారు. అత్తగారు ఏమీ అనలేదు. కాస్త లేచి తిరుగుతున్నాక, నన్ను చెయ్యి పట్టుకుని వెనక వసారాలోకి తీసుకెళ్ళి తన పీట మీద కూర్చోబెట్టారు.

"ఏం కనపడతందే?"

"ఏం కనపడట్లేదండి."

"సరే. ఏం కనపడనట్టే చూడు. నాకు బోలెడు పనుంది" అని లోపలికి వెళ్ళిపోయారు.

రోజూ అక్కడే కూర్చున్నాను. ఏడుపు వస్తే ఏడ్చాను. ఒక రోజు మరక పైన, ఒక మూల, చిన్న కొంగ కనపడింది. బొగ్గు తీసుకుని గీశాను. కాళ్ళు గీయడం నాకు రాలేదు. అత్తగారు వచ్చి చాలాసేపు చూశారు. దిద్దుతారనుకున్నాను. నా గీత మీద చెయ్యి వెయ్యలేదు. కొంగ కింద నాలుగు అలలు గీసి, "నీళ్ళలో ఉంది కదే, కాళ్ళెందుక్కనపడతాయి?" అన్నారు.

కిందటేడు వరదకి ఆవిడ ఒక పడవ మొదలుపెట్టారు. అందులో మనుషులు కూర్చుని ఉన్నారు. చివర్లో ఒక ఆడమనిషి అటు తిరిగి నిలబడి ఉంది. కొప్పు ఒక్కటే కనపడుతుంది. ఆ బొమ్మ ఎందుకో సాగలేదు. నెలల తరబడి అలాగే ఉంచేశారు.

"ఆవిడెవరండీ?" అని అడిగాను.

"మొహం ఇంకా ఇటు తిప్పలేదు కదే. తిప్పితే చెప్తా."

తిప్పకుండానే ఆవిడ వెళ్ళిపోయారు.

పెద్దకర్మ అయ్యాక మా ఆయన తాపీమేస్త్రిని పిలుచుకొచ్చారు. వెనక గోడకి గుండెల ఎత్తున టైల్స్ అంటిస్తే, వరద బురద ఒక్క బకెట్టు నీళ్ళతో పోతుందని. మావయ్యగారు సరేనన్నారు. మేస్త్రి టేపు పెట్టి కొలుస్తున్నాడు. టేపు చివర ఆ పడవ మీద ఉంది. టైల్స్ పడితే ఆ పడవే కాదు, ఇక ఏ వరద మరకా ఆ గోడకి అంటదు.

మావయ్యగారి ముందు నేను ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరుగను. నా గొంతు నాకే వింతగా వినపడింది.

"ఆ గోడ ఒక్కటీ వదిలెయ్యండి మావయ్యగారూ."

అందరూ నా వంక చూశారు. మావయ్యగారు కండువా సర్దుకుని, "మనం వదిలినా వరదొదలదు కదమ్మా. ఎలాగూ పోద్ది" అన్నారు.

"గోదారి చెరిపితే చెరపనివ్వండి. మనం వద్దండి."

ఆయన పడవ మీదున్న టేపు వంక చూశారు. తర్వాత మా ఆయనతో, "ఒరేయ్, నీ పెళ్ళానికి మాటలొచ్చురా" అన్నారు. అంటూ అంటూనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. మేస్త్రిని పంపించేశారు.

శ్రావణంలో వరద వచ్చింది. గట్టు మీద టార్పాలిన్ కింద కూర్చుని, నీళ్ళు ఎంతదాకా వచ్చి ఉంటాయా అని నేను ఆ గోడ గురించే ఆలోచించాను. తీశాక అందరికంటే ముందు వెనక వసారాలోకి పరిగెత్తాను. పడవ లేదు. మనుషులు లేరు. పాత గీతల్లో ఒక్కటే మిగిలింది. కొత్త మరక అంచుకి బెత్తెడు పైన, అటు తిరిగిన ఆ కొప్పు.

గోడని పట్టుకుని ఏడ్చాను. బొగ్గు తీసుకుని ఆ మొహాన్ని ఇటు తిప్పేయాలనిపించింది. తోడుకునేదాకా ముట్టుకోకూడదన్న ఆవిడ మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇది అచ్చు వేసుకున్నాక నా కాగితాలు మాత్రం కాల్చేయండి. బూడిద గిన్నెలు తోముకోవడానికైనా పనికొస్తుంది. అత్తగారు ఏదీ దాచిపెట్టుకోలేదు, నా రాతలు ఎవరింట్లోనో దాగి ఉండడం నాకిష్టం లేదు.

నిన్న పొద్దున్న చిక్కుడుకాయలు తీసుకుని వసారాలోకి వెళ్ళేసరికి, పీట అప్పటికే గోడ ముందు వేసి ఉంది. మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏం కనపడతందమ్మా?" అన్నారు.

"ఇంకా ఆరలేదండి" అన్నాను.

ఆయన వెళ్ళిపోకుండా గుమ్మంలోనే కూర్చున్నారు. నేను ఈనెలు తీస్తూ, ఓరగా, ఆ కొప్పు వంకే చూస్తున్నాను.