ఎవరి తాలూకు?

ఆసుపత్రి పరీక్షాశాలలోని పెద్దావిడ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, కళ్ళజోడు నుదుటిపైకి తోసి, కొత్తచుట్టాలను పలకరించినట్లు, “మీరెవరి తాలూకండీ?” అని తెల్లకణాలను అడుగుతుంది. గర్భంలో ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు ఉమ్మనీటిలో చేరే ఆ రక్షకకణాలు తల్లివో, బిడ్డవో చూపుకు తెలియదు. వాటి జన్యువులను తల్లి నెత్తుటిలోని జన్యువులతో ఓపికగా పోల్చి తేల్చవలసిందే. తేల్చినది డాక్టర్లకు పంపడమే గాని, వార్డు గడప తొక్కే అలవాటు ఆమెకు లేదు. ఆనాడు మాత్రం, జ్వరంతో ఉన్న ఏడునెలల గర్భిణి, “నా రోగమే బిడ్డను తినేస్తోంది” అంటూ పొట్టమీద చెయ్యి వేయడమే మానుకున్నదని నర్సు చెప్పగా విని, తానే మెట్లెక్కి వెళ్ళింది.

“అమ్మాయ్, ఆ నీటిలో పోరాడే కణాలు చాలావరకు నీవి కావు, నీ బిడ్డవే.”

“అంటే గండం గడిచినట్టేనా, అమ్మా?”

“ఆ మాట నేననలేను. మందులు పనిచేయాలి. లోపలివాళ్ళు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు.”

గర్భిణి కన్నీళ్ళతోనే నవ్వి, “అయితే మొండితనంలో నా తాలూకే!” అంటూ పొట్టమీద చెయ్యి వేసుకున్నది. ఏ జవాబునైనా రెండుమార్లు సరిచూడనిదే ఒప్పుకోని పెద్దావిడ, దీనిని మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకున్నది.