నడక పందెం సినిమాకు అత్తమ్మ చెప్పిన ముగింపు

పోయిన నెల ఒక పొద్దున ఆలేరు నుంచి బావ ఫోను చేసి, "అమ్మ పోయిందే" అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాడో నాకు వినపడలేదు. బావ వాళ్లమ్మ అంటే నాకు మేనత్త. నాకు సినిమా పిచ్చి అంటించిన మనిషి.

నా చిన్నప్పుడు సినిమాకు అత్తమ్మా నేనూ రైల్లో భువనగిరి పోయేవాళ్లం. ఆట ముగిసేదాకా కూర్చుంటే తిరుగుబండి అందదు. అందుకని ఏ సినిమా అయినా సరే, ఆఖరి ఘట్టం మొదలుకాగానే అత్తమ్మ నా రెక్క పట్టి లేపేది. "లే బిడ్డా, బండి పోతది!" వెనక వరుసవాళ్లు తిట్టేవాళ్లు. బండెక్కి, జాగా దొరికించుకుని, చెంగుతో మొహం తుడుచుకున్నాక మిగిలిన కథ తనే చెప్పేది. కళ్లారా చూసినట్టే చెప్పేది, మహాతల్లి!

ఒకసారి నడక పందెం మీద నవ్వుల సినిమా వచ్చింది. ఆ పందెంలో పరుగెత్తకూడదు. రెండు కాళ్లూ ఒక్కసారే నేల విడిస్తే పందెం నుంచి తీసేస్తారు. హీరో నడుము తిప్పుకుంటూ నడుస్తుంటే హాలంతా ఒకటే నవ్వు. వాడు అందరికంటే ముందుకొచ్చి, గీత దగ్గరపడగానే సంతోషం పట్టలేక ఎగిరాడు. అంపైరు ఈల వేశాడు. సరిగ్గా అప్పుడే నా రెక్క మీద చెయ్యి పడింది. స్టేషనుకు మేం నడిచిన నడక చూస్తే ఆ బహుమతేదో మాకే ఇచ్చేవాళ్లు.

"ఆఖరుకు ఏమైతదత్తా?" అన్నాను బండిలో, ఉక్రోషంగా.

"ఏమైతది? వాని పెండ్లాం ఉరికొచ్చి అంపైరు అంగి పట్టుకుంటది. ఆయన ఉరకలే సారూ, సంబురానికి ఎగిరిండు, గంతదానికే తీసేస్తవా అంటది. చెయ్యి పట్టుకొని మొగన్ని ఇంటికి తోల్కపోతది."

"మరి గెలిచినట్టా, ఓడినట్టా?"

"గెలుపు సంగతి నీకెందుకే? మనిషి ఇంటికి చేరిండు గద."

అత్తమ్మ ముగింపులన్నీ అంతే. ఓడినవాడి కోసం ఎవరో ఒకరు వచ్చి తీరాలి. నా పెళ్లి చెడి నేను తిరిగొచ్చిన రోజు ఆలేరు బస్టాండులో నిలబడి ఉన్నదీ ఆమే. నా చేతిలో సంచి లాక్కుని, "పా, అన్నం ఆరిపోతాంది" అంది. ఆ రోజు ఆమె రాకపోతే నేనేమైపోయేదాన్నో నాకు తెలియదు.

చివరి రోజుల్లో దవాఖానలో ఆ సినిమా మాట తనే ఎత్తింది. "ఫోన్ల దొరుకుతదంట గద. నువ్వన్న ఆఖరుదాక చూడు బిడ్డా. నేను చెప్పింది అబద్ధమైతే మాత్రం నాకు చెప్పకు." నవ్వబోయి దగ్గింది. ఆ సగం నవ్వు ఇప్పుడు ఎంత కావాలనిపిస్తోందో మీకెట్లా చెప్పను?

దినాలు అయిపోయాక ఒకరోజు కూర్చుని చూశాను. అంపైరు ఈల వేశాడు, ఎర్ర అట్ట చూపించాడు. వెనక వస్తున్న ఇంకొకడు గీత దాటాడు, బాజాలు మోగాయి. హీరో బూట్లు విప్పి చేత పట్టుకుని మైదానంలో ఒక పక్కన కూర్చుండిపోయాడు. తెర మీద పేర్లు మొదలయ్యాయి. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ ఆ పేర్లన్నీ అయిపోయేదాకా చూశాను. ఎవరూ రాలేదు.