అరువు గొంతు

గోళ్ళరంగు తుడిచే మందు సీసా మూత తీస్తే చాలు, నాకు పాశమైలారంలో తెల్లవారుతుంది. నెలలో సగం రోజులు బెంగళూరులో కన్నడ సీరియల్లో కొంపలు కూల్చే ఆడపడుచుని, మిగతా సగం హైదరాబాదులో తెలుగు సీరియల్లో నోట్లో నాలుక లేని పెద్దకోడల్ని కాబట్టి, ఊరు మారినప్పుడల్లా గోళ్ళకున్న ఎర్రరంగు తుడిపించుకోవాల్సిందే. మేకప్ అమ్మాయి దూది ముంచి ఒక్కో వేలూ పట్టుకుని రుద్దుతుంటే ఆ ఘాటుకి పక్కవాళ్ళు మొహం తిప్పుకుంటారు, నేను మాత్రం సిగ్గు లేకుండా గట్టిగా పీల్చుకుంటాను. మా నాన్న చొక్కా వాసన అది. డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే గది నిండిపోయేది.

రేకుల కప్పుతో రైలు పెట్టెల్లా వరసగా కట్టిన కిరాయి గదులు మావి, అందరికీ కలిపి ఒక్క నల్లా. గాలి ఎటునుంచి వీస్తే అటువైపు కంపెనీ వాసన మాకు: ఒకవైపు నుంచి మగ్గిపోయిన అరటిపండు, ఇంకోవైపు నుంచి కుళ్ళిన కోడిగుడ్డు, వానాకాలంలో అన్నీ కలిసి నేలబారున పడుకుని లేవనే లేవు, ఎండాకాలంలో ఉల్లిపాయ తరక్కుండానే కళ్ళమ్మట నీళ్ళు. అమ్మ ముందు గుమ్మంలోకి వచ్చి గాలి వాసన చూసి, ఆ తర్వాతే బట్టలు ఆరేసేది. అక్కడికి దగ్గర్లోని కర్దనూర్లో పొలాలున్న ఇంట్లో పుట్టిన మనిషి తను. నాన్నది తణుకు దగ్గర పల్లె. పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగమని ఇంత దూరం వచ్చి, అది దక్కక ఒక రంగుల కంపెనీలో కుదురుకున్నాడు. వాళ్ళిద్దరూ ఇష్టపడి చేసుకున్న పెళ్ళికి తణుకు వాళ్ళూ రాలేదు, కర్దనూర్ వాళ్ళూ రాలేదు. అందుకని మాకు చుట్టాలంటే ఆ వరసలో ఉన్నవాళ్ళే.

పక్కగదిలో ఒడిశా నుంచి వచ్చిన సబితా మావుసి, కోపమొచ్చినా ప్రేమొచ్చినా ముందు "భాత ఖాయిలు కి?" అని, అంటే అన్నం తిన్నావా అని అడిగేది. జవాబు చెప్పేలోపే పుల్లటి పఖాళ చద్దన్నం, ఉల్లిపాయ ముక్కతో సహా నా నోట్లో పెట్టేసేది. జూన్ నెలలో వాళ్ళ రజ పండక్కి అరిటాకులో చుట్టి నిప్పుల మీద మాడ్చిన పొడపిఠా, రంజాన్‌కి మూలమీది కిరాణా కొట్టు రహీం చాచా పంపే షీర్ ఖుర్మా, ఛఠ్ పూజకి బీహారీ పిల్లలు దోసిళ్ళతో పంచే బెల్లం ఠేకువా బిళ్ళలు, బతుకమ్మకి కంపెనీ గోడల వెంబడి వెతికి వెతికి తెచ్చిన తంగేడు, గునుగు, ఆడి వచ్చాక అమ్మ చేతి మలీద ముద్దలు. ఇవి తిన్న నాలుకకి భాషలు రావడం ఒక గొప్పా? ఏ రోటి దగ్గర ఆ పాట పాడేదాన్ని. ఇంట్లోనే రెండు తెలుగులుండేవి, నాన్నతో ఒకటి, అమ్మతో ఒకటి.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు కంపెనీలో పైపు జాయింటు ఊడి కాస్టిక్ నీళ్ళు నాన్న మొహం మీద చిమ్మాయి. ఆసుపత్రిలో నెలల తరబడి కట్లు మారుస్తూనే ఉన్నారు. ఆఖరి కట్టు విప్పిన రోజు నేను కొత్త గౌను వేసుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా తలమీదుగా గోడకేసి చూస్తూ "అమ్మడు ఏదే? రాలేదా?" అన్నాడు. "ఈడనే ఉంది, నీ ముందల్నే" అని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు నుంచి మా నాన్నకి నేనంటే ఒక గొంతు, అంతే.

అమ్మ బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. బడి నుంచి వచ్చాక నాన్నకి కాపలా నేను. పొద్దస్తమానం మంచం మీద కూర్చుని, రేకుల మీద కాకి నడిచినా ఉలిక్కిపడే మనిషిని ఎట్లా నవ్వించాలో తెలియక, నల్లా దగ్గర చూసినవాళ్ళందరినీ తెచ్చి ఆయన ముందు మాట్లాడించడం మొదలుపెట్టాను. బిందె కోసం మావుసి పోట్లాట, అరువు అడిగితే చాచా దగ్గు, వీటితో గది నిండేది. ఎవరో చెప్పాలి నాన్న. "సబితేనా? కాదు కాదు, ఉండు... సబితని వెక్కిరిస్తున్న చాచా!" అని మంచం కోడు మీద చరిచి నవ్వేవాడు. ఎన్ని గొంతులు మార్చినా ఒక్కసారీ ఓడిపోలేదు. బళ్ళో దెబ్బలు తిని, మొహం కడుక్కుని, నవ్వుతూ లోపలికి వచ్చినా పట్టేసేవాడు. "ఏడ్చొచ్చావు. మొహం కడుక్కున్నావు సరే, గొంతెట్లా కడుక్కుంటావే పిచ్చిమొహమా?" అని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నా మొట్టమొదటి ప్రేక్షకుడాయన. అంతకంటే గొప్పవాడు నాకు మళ్ళీ దొరకలేదు.

సంగారెడ్డిలో డిగ్రీ చదువుతుండగా కాలేజీ నాటకంలో నన్ను చూసిన ఒకాయన హైదరాబాదులో సీరియల్ వాళ్ళ దగ్గరికి పంపాడు. అక్కడి డైరెక్టరు నన్ను అటు తిరగమని, ఇటు తిరగమని, ఏడవమని, కళ్ళు పెద్దవి చెయ్యమని, చివరికి బాగుందన్నాడు. నేను ఆశగా, మావుసిని చాచాని అందరినీ చేసి చూపించబోయాను. "గొంతు సంగతి వదిలెయ్యమ్మా, అది మేం చూసుకుంటాం" అన్నాడు. చూసుకున్నారు కూడా. సెట్లో మా వెనకాల నిలబడి అసిస్టెంటు డైలాగు అరుస్తుంటే మేం పలుకుతాం. ఆ గోలంతా తుడిచేసి, తర్వాత ఎక్కడో ఏసీ గదిలో ఇంకో అమ్మాయి నా పెదాలకి సరిపోయేట్టు మాట్లాడుతుంది. ఈ రంగంలో అది మామూలే. ఆ సంబరంలో నాన్నకి ముందుగా చెప్పాలని నాకు తట్టనే లేదు.

మొదటి ఎపిసోడ్ రోజున మా గది పట్టనంత జనమట, నేను షూటింగులో ఉండిపోయాను. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని టీవీకి దగ్గరగా కుర్చీ వేయించుకున్నాడు. "అగో, వచ్చింది సూడు, పచ్చ చీరె కట్టింది" అని అమ్మ అరిచింది, మావుసి ఈల వేసింది. నాన్న ముందుకు వంగి, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "ఇంకా మాట్లాడదేంటే మన పిల్ల?"

అప్పటికి నేను టీవీలో పది నిమిషాలుగా మాట్లాడుతూనే ఉన్నాను.

ఆ తర్వాత కూడా ప్రతి సాయంత్రం ఆయన టైముకి ముందే వెళ్ళి కుర్చీలో కూర్చునేవాడట. మాట్లాడుతుందేమో, ఇవాళ మాట్లాడుతుందేమో అని. చూడలేక ఒకరోజు అమ్మ అబద్ధం ఆడింది. "గిదే మన బిడ్డ మాట. టీవీల గొంతు గట్లనే మారుతది, మిషినిల నుంచెల్లి వస్తది గద" అంది. నమ్మాడు. కళ్ళు పోయినప్పటి నుంచి అన్నం ఏ రంగులో ఉందో కూడా అమ్మ చెబితేనే తెలిసే మనిషి, ఇదొక్కటీ ఎందుకు నమ్మడు? అప్పటి నుంచి ఆ అమ్మాయి గొంతునే నేననుకుని మురిసిపోయాడు. మా అమ్మాయి ఎంత స్పష్టంగా మాట్లాడుతుందో విన్నారా అని ఇంటికొచ్చిన వాళ్ళతో అనేవాడు. అమ్మ ఈ సంగతి నాకు ఫోన్లో చెప్పింది.

ఆ తర్వాత కన్నడం వచ్చింది, తమిళం వచ్చింది, ఒకసారి భువనేశ్వర్ వెళ్ళి ఒడియా కూడా చేశాను. ఆ ఒక్కదాంట్లోనైనా నా గొంతు ఉంచుతారనుకుంటే, నా ఒడియాలో కూలీల యాస ఉందన్నారు. తెలుగులో అడిగితే ఇటు తెలంగాణా కాదు, అటు ఆంధ్రా కాదు అన్నారు. అన్ని భాషలు మాట్లాడతాను, ఒక్కదాంట్లోనూ వినపడను. జనం సెల్ఫీలకి ఎగబడుతుంటే నవ్వుతూ నిలబడతాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటిని ఎక్కడో పోగొట్టుకుని రచ్చలో పడ్డాను.

బీరంగూడలో ఫ్లాటు కొని అమ్మానాన్నల్ని అక్కడికి మార్చాను. నాన్న ఊపిరితిత్తులు అప్పటికే కంపెనీకి అంకితమైపోయాయి, ముక్కుకి గొట్టం, మంచం పక్కన మిషను. ఇక ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పినప్పటి నుంచి నాకు పిచ్చి పట్టినట్టయింది. ఆయన ఉండగా ఒక్కసారి, ఒక్క సీను, నా గొంతుతో నన్ను వినాలి. కనిపించిన ప్రతి డైరెక్టరునీ అడిగాను, బతిమాలాను, ఒకాయన కాళ్ళు కూడా పట్టుకోబోయాను. వింతగా చూశారు.

పోయిన నెల, పెద్దకోడలికి గొంతిచ్చే అమ్మాయి కాన్పుకని ఆసుపత్రిలో చేరింది. కొత్తమ్మాయి ఇంకా దొరకలేదు, మర్నాటి ఎపిసోడ్ వెళ్ళిపోవాలి. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. "ఈ ఒక్కదానికే. పాత గొంతుకి దగ్గరగా ఉండాలి" అన్నాడు డైరెక్టరు. తండ్రి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్న సీను. మొదటి రెండు మాటలూ ఆ అమ్మాయిలాగే పలికాను. తర్వాత ఎదుట స్క్రీన్ మీద మంచం, ముక్కులో గొట్టం కనిపించాయి. ఇక నా వల్ల కాలేదు. "లే నాన్నా, నాతో మాట్లాడు నాన్నా" అని ఇంట్లో ఏడ్చినట్టే ఏడ్చాను. అద్దం అవతల డైరెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఓకే అన్నాడు.

మర్నాడు ఇంటికి బయల్దేరాను. దారిలో కారు పాశమైలారం వైపు తిప్పించాను, ఎందుకో. మా వరస గదుల చోట పెద్ద గోడౌను లేచింది. నల్లా ఉన్నచోట లారీలు తిప్పుకుంటున్నారు. చాచా పోయాడు, కొట్టూ పోయింది. మావుసి మొగుడి పనిపోయి వాళ్ళు ఎటు వెళ్ళిపోయారో చెప్పేవాళ్ళే లేరు, ఆ వెళ్ళడం ఏ ఊరికో కూడా తెలియదు. గోడల వెంట తంగేడు వెతికాను. ఒక్క రెమ్మ లేదు. వాసన మాత్రం అదే.

నాన్నకి ముందుగా ఏమీ చెప్పలేదు. అమ్మకి సైగ చేసి, ఆయన పక్కనే చప్పుడు లేకుండా కూర్చున్నాను. సీరియల్ మొదలైంది. కాసేపటికి నా గొంతు వచ్చింది. గ్లాసు పట్టుకున్న నాన్న చెయ్యి ఆగింది. ఆ మొహంలో వెలుగు చూడాలని ఇన్నేళ్ళూ కాచుకున్నాను నేను.

గ్లాసు కింద పడింది. "అమ్మడూ! ఏమైందే? ఎవరేమన్నారమ్మా నిన్ను?" అంటూ లేచాడు, ముక్కుకున్న గొట్టం ఊడిపోయింది, చేతులు చాచుకుని టీవీ వైపు తడబడుతూ నడిచాడు. నేను వెళ్ళి పట్టుకున్నాను. నా చెంపలు, కళ్ళు, నుదురు అన్నీ వేళ్ళతో తడిమాడు. "నువ్విక్కడే ఉన్నావు. మరక్కడ ఏడుస్తున్నదెవరే?"

"నేనే నాన్నా. నటన అది. ఈసారి నా గొంతే పెట్టారు."

"నీ ఏడుపు నాకు తెలీదా? నటన కాదది" అన్నాడు. రొప్పు ఆగడం లేదు. "మరి ఇన్నాళ్ళూ మాట్లాడిన పిల్లెవరు?"

అమ్మ గోడకి ఆనుకుని "నేనే గట్ల చెప్పిన, నువ్వు పరేషాన్ అయితున్నవని..." అని ఆగిపోయింది. ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి గొట్టం సరిచేశాను. నా చెయ్యి పట్టుకుని, ఇంత చిన్న గొంతుతో అడిగాడు: "ఆ పిల్ల గొంతే పెట్టించమ్మా. ఆ పిల్ల ఏడిస్తే నాకేం కాదు. నువ్వట్లా ఏడుస్తుంటే వినలేనే."

నీకు వినిపించాలనే కదా నాన్నా ఇదంతా, అని అరవాలనిపించింది. సరే నాన్నా అన్నాను. అమ్మ టీవీ చప్పుడు తీసేసింది. "ఆగిందా?" అన్నాడు. ఆగిందన్నాను. ఎదురుగా టీవీలో నేను శబ్దం లేకుండా ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు పెద్దకోడలికి మళ్ళీ వేరే అమ్మాయి గొంతే. పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయిన ఇప్పుడు నిమ్మళంగ ఇంటున్నడు బిడ్డా, రంధి పెట్టుకోకు" అంది. గోళ్ళరంగు మొత్తం పోయింది, బొట్టు పెట్టారు, జడ వేశారు. షాట్ రెడీ అని పిలుస్తున్నారు. వెళ్ళి ఏడవాలి.