లడ్డూ తీసుకోని సిస్టరు

మొన్న మా ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడక బీప్ బీప్‌మని మోగుతుంటే, చేతిలో గరిటె వదిలేసి పరుగెత్తాను. కాలేజీకి తయారవుతున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆ మోత నాకు పరిచయమైంది తన వల్లేనని దానికేం తెలుసు!

నెలలు నిండకుండానే పుట్టింది. ఊపిరి సరిగ్గా అందక, బందరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో అద్దాల గదిలో గాజుపెట్టెలో పెట్టారు. దోసిట్లో పట్టేంత పిల్ల, ఒంటినిండా వైర్లు. మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. బయట కూర్చుని నేను చేసిన పనల్లా నిఘా. ఎవరు చేతులు కడుక్కున్నారు, ఎవరు సెల్‌ఫోను పట్టుకున్న చేత్తోనే పిల్లని ముట్టుకున్నారు, పక్క పెట్టెలో పిల్లాడికి వేసిన మందు పొరపాటున మా పిల్లకి వేశారా? అడుగుదామంటే భయం. వాళ్ళకి కోపమొచ్చి ఆ కోపం పిల్ల మీద చూపిస్తే?

నాగాయలంక నుంచి వచ్చిన మా అత్తగారు అనుమానంలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. దానికో ఉపాయం కూడా కనిపెట్టారు. "మన తిండి తిన్న మనిషి మన బిడ్డకి అన్యాయం చెయ్యదమ్మాయ్" అంటూ బందరు లడ్డూల పెట్టె తెప్పించి సిస్టర్లకి పంచారు. ఒకావిడ రెండు తీసుకుంది. కళ్ళద్దాలావిడ మాత్రం "డ్యూటీలో తిననండీ" అంది. అంతే, అప్పట్నుంచి మా కళ్ళు ఆవిడ మీదే.

ఓ మధ్యాహ్నం మా పిల్ల దగ్గర మిషను బీప్ బీప్‌మని మోగింది. లడ్డూలు తిన్న సిస్టరు వచ్చి, పిల్ల వైపు చూడకుండానే బటన్ నొక్కి మోత ఆపి వెళ్ళిపోయింది. లేవబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని లాగారు.

"నోరెత్తకు. పిల్ల వాళ్ళ చేతుల్లో ఉంది."

విదిలించుకుని అద్దం మీద దబదబా బాదాను. కళ్ళద్దాలావిడ పరుగున వచ్చి ముందు పిల్ల ఛాతీ, పెదాలు చూసింది. ఆ తర్వాతే మిషను. ముక్కు దగ్గర గొట్టం పక్కకి జరిగిందట, సర్దింది. నీలమెక్కిన పెదాలు మళ్ళీ ఎర్రబడేదాకా నేను అద్దం మీంచి చెయ్యి తియ్యలేదు.

బయటికొచ్చి తిడుతుందనుకున్నాను. "అనుమానమొస్తే ఇలాగే కొట్టండమ్మా. ఆ మిషన్ని నేనూ నమ్మను" అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆ గది లోపల కూడా నాలాంటి అనుమానపు మనిషి ఒకరున్నారని తెలిశాకే నాకు ధైర్యం చిక్కింది. ఆవిడ అటు వెళ్ళగానే అత్తగారు నా చెవిలో, "ఇంత మెత్తగా మాట్లాడుతోందంటే ఏదో దాస్తోందే" అన్నారు.

పిల్ల ఇంటికొచ్చింది, నా ఎత్తు దాటింది. కాలం గడిస్తే అన్నీ మరుపున పడతాయంటారు గానీ, ఆ అద్దం ముందు గడిపిన వారాలు నాకింకా గడవలేదు.