నువ్వెవరని అడిగిన సర్వర్లు

2006. పాతబస్తీలోని జహనుమాలో షాహీన్ ఆపాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు తీయడానికి ఆ చుట్టుపక్కల ఆవిడే దిక్కు. గల్ఫ్‌లో ఉన్న బంధువులు అదే రోజు చూసుకునేలా ఆ ఫోటోలను తన వెబ్‌సైట్‌లో పెట్టేది. నేను ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునేదాన్ని. ఎవరో చెబితే మాదన్నపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"పద్మా, పెళ్లిళ్ల సీజన్ రాంగనే సైటు పండుకుంటుంది. యూసుఫ్ భాయ్ బిడ్డ సమీనా నిఖా దగ్గరికొచ్చింది. ఆయన జెద్దాల డ్రైవరు. సేఠ్ ఛుట్టీ ఇయ్యలే, పెళ్లికి రాలేడు. బిడ్డ ఫోటోలు ఆ పూటనే చూపిస్తనని జబాన్ ఇచ్చిన."

సర్వర్ అంటే అడిగినవాళ్లకు పేజీలు పంపే కంప్యూటర్. ఒక్కటి చాలడం లేదని పాతవి మరో రెండు కలిపాం. వచ్చేవాళ్లను ఆ మూడింటికీ పంచేది లోడ్ బ్యాలెన్సర్. విందులో గుమ్మం దగ్గర నిలబడి, చోటున్న వరస చూసి కూర్చోబెట్టే మనిషి లాంటిది. దానికోసమే తయారుచేసిన పెట్టెలు కంపెనీలు అమ్ముతాయి. ఆ ధర వింటే ఆపా స్టూడియో అమ్ముకోవాల్సిందే. ఖర్చు లేకుండా, వంతులవారీగా ఒక్కొక్కరికి ఒక్కో సర్వర్ చిరునామా ఇచ్చే పద్ధతి ఉంది. కానీ ఒక సర్వర్ ఆగిపోయినా, అది తెలియక జనాన్ని అక్కడికే పంపుతుంది. చివరికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను ఒక పాత కంప్యూటర్‌లో వేశాను. ఏ సర్వర్ బాగుందో, ఏది ఖాళీగా ఉందో అదే కనుక్కుంటుంది.

మనుషుల్లా పేజీలు అడిగే ప్రోగ్రాం రాసి, ఉత్తుత్తి సందర్శకులను గుంపులుగా వదిలి పరీక్షించాను. సైటు చెక్కుచెదరలేదు. "ఇక ఫికర్ చేయకండి ఆపా" అని గొప్పలు పోయాను.

నిఖాకు ముందు మంఝా, పెళ్లికూతురికి పసుపు రాసే వేడుక జరిగింది. ఆ ఫోటోలు పెట్టిన కాసేపటికే జెద్దా నుంచి యూసుఫ్ భాయ్ ఫోన్ చేశాడు. ఆపా స్పీకర్ నొక్కింది.

"ఆపా, పాస్‌వర్డ్ కొట్టిన. ఒక్క ఫోటో కనబడ్డది. రెండోది నొక్కితే మళ్ల నువ్వెవరని అడుగుతుంది. మళ్ల కొట్టిన, మళ్ల అడిగింది. నా బిడ్డనే గదా, ఎన్నిసార్లు చెప్పాలె?"

కోప్పడి ఉంటే బాగుండేది. ఆ గొంతులో బతిమాలడమే ఉంది.

పర్దా పాటించే ఇళ్లలో పెళ్లికూతురిని బయటివాళ్లు చూడకూడదు. అందుకే సమీనా ఫోటోల పేజీకి పాస్‌వర్డ్ పెట్టాం. ఆయన చెప్పింది విన్నాక గానీ సంగతి తట్టలేదు. మొదటి సర్వర్ ఆయన్ను గుర్తుపట్టి లోపలికి రానిచ్చింది. రెండో ఫోటో అడిగేసరికి నా బ్యాలెన్సర్ ఆయన్ను ఖాళీగా ఉన్న ఇంకో సర్వర్‌కు పంపింది. దానికి ఆయనెవరో తెలియదు. నా ఉత్తుత్తి సందర్శకుల్లో పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు.

దీనికి స్టిక్కీ సెషన్ అనే ఏర్పాటు ఉంది. ఒకసారి వచ్చిన మనిషిని చివరిదాకా అదే సర్వర్ దగ్గర ఉంచుతుంది. "కాకపోతే బరువు సమానంగా పంచలేం ఆపా, ఒకదాని మీద ఎక్కువ పడొచ్చు" అన్నాను.

"పడనీ పద్మా. తండ్రిని గుమ్మంల నిలబెట్టుడు కంటె నయం గదా!"

మార్చేశాను. నిఖా రోజు ఆపా పెళ్లివారింటికి వెళ్లింది, నేను స్టూడియోలో కూర్చున్నాను. మసీదులో సాయంత్రపు అసర్ నమాజు తర్వాత నిఖా అయింది. ఆపా పంపిన ఫోటోలు ఎక్కించి, ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపటికో మోగింది.

"ఈసారి ఏం అడగలే బేటీ," అన్నాడు యూసుఫ్ భాయ్. "అన్నీ చూసిన. ఎర్ర దుపట్టాల అచ్చం మా అమ్మ లెక్కనే ఉన్నది. పెట్టేస్తున్న. మళ్ల మొదటికెల్లి చూస్త."

ఫోన్ పెట్టేసి తనివితీరా ఏడ్చాను. సంతోషానికే.

ఆ తర్వాత ఎన్నో పెద్ద సైట్లు చూశాను. పరీక్షించేటప్పుడు ఎన్ని వేల ఉత్తుత్తి సందర్శకులను వదిలినా, వాళ్లలో ఒకడికి మాత్రం పాస్‌వర్డ్ ఇస్తాను. ప్రతి ఫోటో దగ్గరా చాలాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి చూసేలా నడిపిస్తాను. వాడికి యూసుఫ్ అని పేరు పెడతాను.