పసులపోలిగాడి కాపలా

వేప్పనపల్లి పక్కన ఒక పల్లెలో మా అత్తవారిల్లు. తొంభైల్లో నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంటి పెరడంటే నాకు అంట్లు తోమే చోటు, అంతే. అక్కడ చూడ్డానికి ఏముందో నేర్పింది మా మామ.

పసులు మేపి, నాలుగు మామిడిచెట్లు చూసుకుని బతికిన మనిషి. మోకాళ్లు పట్టేశాక పెరట్లో బండరాయి మీద కూర్చుని కానుగచెట్టు కేసి చూస్తుండేవాడు. ఎండాకాలం వస్తే ఆ చెట్టు కొమ్మల సందున పసులపోలిగాడు గూడు కట్టేది. పసుల వీపులెక్కి తిరిగే నల్లపిట్ట, చీలిన తోక. పిడికెడు లేదు గాని, గూటి దరికి కాకి వచ్చిందంటే వీపున పొడిచి పొడిచి ఊరి పొలిమేర దాకా తరిమేది. "చూడమ్మా, పిట్ట కొంచెం కూత ఘనం!" అని మామ తొడ చరుచుకుని నవ్వేవాడు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. చేతిలో గిన్నె చేతిలోనే, కళ్లు చెట్టు మీద.

అత్తకు మాత్రం ఒళ్లు మండేది. "పిట్టల్ని చూస్తే కడుపు నిండుతుందా?" అని అరిచేది. అన్నానికి ఎన్నిసార్లు పిలిచినా మామ తల తిప్పకుండా ఒకటే మాట అనేవాడు: "ఉండుమే, పిల్లలకు మేత పెడతా ఉంది."

మామ పోయిన మరుసటి ఏడు, ఆయన తిథి సరిగ్గా గూట్లో పిల్లలున్న రోజుల్లో వచ్చింది. ఆయనకు ఇష్టమైనవన్నీ అత్తే వండి, ఆకులో పెట్టి, పెరటి గోడ మీద ఉంచింది. కాకి తింటే పోయినవాళ్లు తిన్నట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

కాకి వచ్చింది. గోడ మీద వాలిందో లేదో, పసులపోలిగాడు వచ్చి మీద పడింది. కాకి పరారు. ఇంకొకటి వచ్చింది, దానికీ అదే మర్యాద. పొద్దు నడినెత్తి దాటింది. ఇంటినిండా చుట్టాలు, పిల్లల ఏడుపులు. అత్త గోడ దగ్గర నిలబడి "రాప్పా, వచ్చి తినిపో" అని పిలుస్తూనే ఉంది. ఆయన ఆకలితో తిరిగిపోతున్నాడని ఆమె భయం.

మా మరిది మామిడికాయలు కోసే దోటి తెచ్చాడు. "గూడు లాగి పారేస్తానుమా. అది ఉండేదాకా కాకి రాదు."

అత్త ఆకు వైపు చూసింది, గూటి వైపు చూసింది, ఖాళీ బండరాయి వైపు చూసింది.

"దించురా ఆ దోటిని. మీ నాయన ఉంటే ఆ కట్టె నీ వీపు మీదనే ఇరిగేది."

ఆకు తానే ఎత్తుకుని పక్కింటివాళ్ల మిద్దె ఎక్కింది. సొంత గోడ వదిలి పరాయి మిద్దె మీద పెట్టడమేమిటని చుట్టాలు గొణిగారు. ఆమె వినిపించుకోలేదు. ఆకు పెట్టడమే ఆలస్యం, కాకులు దిగాయి. అత్త కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "బతికుండంగానూ అంతే. ఆయప్పకు పక్కింటి కూడే రుచి."

అందరూ బంతికి కూర్చున్నారు, అత్త తప్ప. పొద్దున్నుంచి పచ్చినీళ్లు కూడా ముట్టని మనిషి. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్తే, మామ బండ మీద కూర్చుని ఉంది.

"అత్తా, ఆకు వేసినాను, రా" అన్నాను.

ఆమె తల తిప్పలేదు.

"ఉండమ్మా, పిల్లలకు మేత పెడతా ఉంది."