మూడు రోజులు ముందుగా విడిచిన బదనికలు

తవిటమ్మ తన కొబ్బరితోటలో పురుగుమందు చల్లలేదని నాకు ఆ రోజే తెలుసు. నా నివేదికలో మాత్రం చల్లిందని రాశాను.

కొబ్బరితోటలను కూల్చిన పెద్ద తుపాను తరువాతి వేసవిలో నన్ను టెక్కలి దగ్గరి ఒక ప్రయోగశాలకు సాంకేతిక సహాయకుడిగా వేశారు. ఉద్దానం కొబ్బరాకును తినే నల్లతల గొంగళిపురుగు మీదికి వదలడానికి అక్కడ బదనికలను పెంచేవాళ్లం. బదనిక చీమంత కందిరీగ. గొంగళిపురుగును కుట్టి, దాని ఒంటిమీదే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ పురుగును తిని పెరుగుతాయి.

రెక్కలు రాగానే బదనిక గుడ్లు పెట్టదు. కీటకాల మెదడు వెనక ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అందులోంచి వచ్చే జువెనైల్ హార్మోను ఉన్నంతకాలం పిల్లపురుగు పిల్లపురుగుగానే ఉంటుంది. పెద్దయ్యాక చాలా జాతుల ఆడవాటిలో గుడ్లకు సొన పట్టించేది అదే హార్మోను. అందుకు తిండి కావాలి, సమయం కావాలి. జతకట్టని ఆడ బదనికకు మగపిల్లలే పుడతాయి. అందువల్ల మగవాటితో కలిపి, తేనెలో ముంచిన దూది పెట్టి, ఐదు రోజులు గాజుగొట్టంలో ఉంచాకే విడవాలని మా నియమం.

పై అధికారి తనిఖీకి వస్తున్నారని రెండు రోజుల గొట్టాలనే తవిటమ్మ చెట్ల దగ్గర తెరిచాను. వాటి మీద ఐదు రోజులని చీటీ అంటించింది నేనే. కొన్ని వారాలకు మట్టలు కాల్చినట్టు ఎండాయి. పురుగు పక్క తోటకు పాకింది.

పరిశీలనకు వెళ్లేసరికి పక్క తోట గవరయ్య ఆమెను నిలదీస్తున్నాడు.

"ఏటొదినా, మందు కొట్టీసి ఆ ఈగల్ని సంపీసినావా? పురుగంతా మా మీదకొచ్చీసింది!"

"నోర్ముయ్యి మరిదీ! నా మేకలు ఆ తోట్లోనే మేత్తన్నాయి. ఇసం సల్లుకుంతానేటి?" ఆమె నావైపు తిరిగింది. "నువ్వు సెప్పు బాబూ, నాను కొట్టినానా?"

నేను ఒక ఎండుమట్టను తిప్పి చూస్తూ ఉండిపోయాను. నా నివేదికతో రైతులకు బదనికలిచ్చే పథకం నుంచి ఆమె పేరు పోయింది. ఊరు ఆమెను 'మందు తవిటమ్మ' అనసాగింది.

గత ఏడాది స్వచ్ఛంద విరమణ తీసుకునేముందు ఆ నివేదికకు సవరణ రాసి పంపాను. బదనిక కడుపులో జరిగే పనికి తనిఖీ తేదీతో సంబంధం లేదు. విడుదల ఫలించనప్పుడు రైతు చేతికన్నా ముందు మన గొట్టాన్ని చూసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

నింద పదిమందిలో పడింది కాబట్టి ఆ ఊరి రైతుల సమావేశానికి వెళ్లాను. గవరయ్య ముందు వరుసలో ఉన్నాడు. తవిటమ్మ దగ్గరికి వెళ్లి, "తప్పు నాదమ్మా, క్షమించు" అన్నాను.

"నాకెందుకు బాబూ, నాకు తెల్దా?" అందామె. "ఆలకి ఇనబడేలా సెప్పు."

వాళ్లవైపు తిరిగి, మళ్లీ మొదటి నుంచి, గట్టిగా చెప్పాను.